నీడ అంచులో తెలిసే బట్ట

ఒక సాటిన్ గుడ్డను కుర్చీ మీద నుంచి కిందికి జారేలా వేసి, కిటికీ వెలుతురులో దాన్ని నీటిరంగుల్లో చిత్రించడానికి కూర్చున్న మొదటి రోజు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. ఆ గుడ్డ ముదురు ఆకుపచ్చ. ఆ రంగు కలపడానికే గంటసేపు పట్టింది. కాగితపు ముక్క మీద కాస్త పూసి, పూర్తిగా ఆరనిచ్చి, గుడ్డ పక్కన పెట్టి చూసి, రెండూ ఒకటే అనిపించేంత వరకు నేను వదల్లేదు. బొమ్మ పూర్తయ్యాక గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి జరిగి చూశాను. రంగు అచ్చంగా అదే, మడతలు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ అక్కడ సాటిన్ లేదు. పచ్చరంగు పూసిన రేకును వంచి కుర్చీ మీద పెట్టినట్టుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలా నెలలు పట్టింది. అదే గుడ్డను మళ్ళీ మళ్ళీ వేశాను, దాని పక్కనే ఒక నూలు దుప్పటిని, ఒక ముఖమల్ (వెల్వెట్) ముక్కను, పలచటి మస్లిన్‌ను పెట్టి పోల్చి చూశాను. నాలుగింటి రంగులూ వేరు కనుక తేడా రంగులోనే ఉందని మొదట అనుకున్నాను. తరువాత ఒకరోజు నాలుగింటినీ ఒకే బూడిదరంగుతో, వెలుగునీడలు మాత్రమే వేసి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. రంగు లేకపోయినా ముఖమల్ ముఖమల్‌లాగే ఉంది, దుప్పటి దుప్పటిలాగే ఉంది. అది ఏ బట్టో మనకు రంగు కంటే ముందుగా చెప్పేది నీడ అంచు. వెలుగు నుంచి నీడలోకి వెళ్ళే చోట గీత కోసినట్టు తెగిపోతుందా, మెల్లగా కరుగుతుందా, ఒకవైపు తెగి మరోవైపు కరుగుతుందా అన్నదాన్ని బట్టి కన్ను బట్టను గుర్తుపడుతుంది. నీటిరంగుల్లో ఆ అంచు ఎలా వస్తుందన్నది కుంచె ఆనించే క్షణంలో కాగితం మీద ఎంత తడి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది కనుక, బట్టను చిత్రించడమంటే చాలావరకు తడిని కనిపెట్టుకుని ఉండడమే అని నాకు అప్పటి నుంచి నమ్మకం కుదిరింది.

అంచుల్లో ఇంత తేడా రావడానికి కారణం నేతలో ఉంది. మామూలు నూలు బట్టలో పడుగు, పేక పోగులు ఒకదాని మీదుగా, మరొకదాని కిందుగా వరసగా పోతాయి. దానితో ఉపరితలమంతా కంటికి ఆనని గుబ్బలతో నిండి, మీద పడిన వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అందువల్ల నూలు మడతలో వెలుగు ఒక్కసారిగా ఆగదు, దిగుడుబావి మెట్లు దిగినట్టు నిదానంగా నీడలోకి దిగుతుంది. సాటిన్ నేతలో ఒక పోగు కనీసం నాలుగు పోగుల మీదుగా దాటి వెళ్ళి ఆ తరువాతే ఒకదాని కిందికి దిగుతుంది. అలా పొడవుగా తేలి ఉన్న పోగులన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి కాబట్టి వెలుగు చెదరకుండా దాదాపు అద్దం మీద పడ్డట్టే తిరిగి వస్తుంది. ఆ పోగు పట్టుదైతే మెరుపు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పట్టు పోగును అడ్డంగా కోసి చూస్తే ఇంచుమించు త్రికోణంలా ఉంటుంది, దాని చదునైన ముఖాల మీద వెలుగు నిలిచి మెరుస్తుంది. సాటిన్ మడత కొంచెం వంగితే చాలు, ఆ వెలుగు మన కంటికి అందకుండా పక్కకు తప్పుకుంటుంది. అందుకే అతి తెల్లటి చోటుకూ అతి నల్లటి చోటుకూ మధ్య దూరం గోరు వెడల్పు కూడా ఉండదు.

కాగితం ఆరే క్రమాన్ని ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. బోర్డును కంటి ఎత్తుకు లేపి పక్కవాటుగా చూస్తే, నీళ్ళు పూసిన కాగితం మొదట అద్దంలా తళతళలాడుతుంది. ఆ దశలో పెట్టిన రంగు తనకిష్టమొచ్చినట్టు పారిపోతుంది, దానితో ఆకారం నిలపలేం. రెండు మూడు నిమిషాల్లో, గది వేడిని బట్టి ఇంకా త్వరగానే, ఆ తళతళ తగ్గి గుడ్డు పెంకు మీద ఉండేలాంటి సన్నటి నిగనిగ మిగులుతుంది. మెత్తటి మడతలకు సరైన సమయం అదే. అప్పుడు పెట్టిన నీడ కొంచెం మాత్రమే విచ్చుకుని పెట్టిన చోటే ఉండిపోతుంది. ఆ నిగనిగ కూడా పోయి, వేలివెనుక భాగం ఆనిస్తే చల్లగా మాత్రమే తగిలే దశలో కుంచె దూరంగా ఉంచడమే మంచిది. కాగితంలో ఉన్న తడి కంటే కుంచెలో ఉన్న తడి ఎక్కువైతే, ఆ నీళ్ళు సగం ఆరిన రంగును పక్కకు నెట్టి కాలీఫ్లవర్ పువ్వులాంటి మరకను మిగులుస్తాయి. పూర్తిగా ఆరాక వేసిన పొరకు మళ్ళీ గట్టి అంచు వస్తుంది. నా మొదటి సాటిన్ బొమ్మలో అన్ని అంచులూ ఈ చివరి దశలోనే పడ్డాయి, అందుకే అది రేకులా కనిపించింది.

అంచుల కంటే ముందు మడత ఎక్కడి నుంచి పుట్టిందో తెలియాలి. బట్టకు తనదంటూ ఒక రూపం ఉండదు. దేని మీద ఆనుకుని ఉందో, ఏది దాన్ని లాగుతోందో ఆ రెండూ కలిసి దానికి రూపమిస్తాయి. భుజమో, మోచేయో, మోకాలో, నడుముకు బిగించిన పట్టీయో ఒక ఆనిక అవుతుంది, మడతలన్నీ ఆ ఆనిక నుంచే బయలుదేరి కిందికి దిగుతాయి. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో చాలా ఏళ్ళు పాఠం చెప్పిన జార్జ్ బ్రిడ్జ్‌మన్ మడతలను ఏడు రకాలుగా విడదీశారు. ఒకే ఆనిక నుంచి గొట్టాల్లా నిలువుగా దిగే కుచ్చిళ్ళు, రెండు ఆనికల మధ్య ఉయ్యాలలా వేలాడే మడతలు, వంచిన చేతి లోపలివైపు ఒకదానిలో ఒకటి చిక్కుకునే మడతలు, నేలకు చేరి కుప్పపడిన మడతలు, ఇలా పోతుంది ఆ వరస. ఏడు పేర్లూ కంఠస్థం చేయనవసరం లేదు. బట్టను చూడగానే మొదట ఆనికల కోసం వెతికి, పెన్సిల్‌తో అక్కడ చిన్న చుక్క పెట్టుకుంటే చాలు. చుక్క పెట్టని రోజుల్లో నేను కనిపించిన ప్రతి ముడతనూ వేసేవాణ్ణి, అప్పుడు బట్ట కింద మనిషి ఉన్నట్టే ఉండేది కాదు.

ఈ కసరత్తు చాలా పాతది. పదిహేనో శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లో తన గురువు వెరోకియో శిల్పశాలలో లియొనార్డో డావించి బంకమట్టి బొమ్మలు చేసి, వాటి మీద మట్టినీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డలు కప్పి, అవి ఆరి బిగుసుకున్నాక ఎంతో ఓపికగా చిత్రించేవాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన జార్జో వసారీ చెప్పాడు. అలా సన్నటి లినెన్ గుడ్డ మీద కుంచెతో, బూడిదరంగు, తెలుపు మాత్రమే వాడి వేసిన అధ్యయనాలు ఇప్పటికీ ఉన్నాయి. బట్టను వేరే అధ్యయనంగా, రంగు జోలికి పోకుండా వేయడంలోని లాభం వాటిని చూస్తే తెలుస్తుంది. తడిమట్టి పట్టిన గుడ్డ కదలదు, వెలుతురు మారినా మడత మారదు, అంచును ఎంతసేపైనా చూడవచ్చు. ఇప్పుడు కూడా కొత్త బట్టను వేయబోయే ముందు నేను ఒక చిన్న కాగితం మీద బూడిదరంగుతో దాని నీడల్ని మాత్రం వేసుకుంటాను. ఆ చిన్న బొమ్మలో బట్ట గుర్తుపట్టేలా రాకపోతే పెద్ద బొమ్మలో రంగు వేసినా రాదు.

తెల్లబట్ట నీటిరంగులకు పుట్టినిల్లు. నూనెరంగుల్లో తెలుపును పూయాలి, ఇక్కడ తెలుపు కాగితంలోనే ఉంది, దాన్ని కాపాడుకుంటూ చుట్టూ నీడ వేయాలి. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1910లో వేసిన ‘లా బియాంకెరియా’ను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉన్న ఆ చిత్రంలో దండెం మీద ఆరేసిన తెల్లబట్టలు తప్ప చెప్పుకోదగ్గ వస్తువే లేదు. అయినా అది మనల్ని తన ఎదుట నిలబెట్టుకుంటుంది. తెల్లబట్ట నీడ బూడిదరంగులో ఉంటుందని అనుకునేవారు ఆ చిత్రం నీడల్లోకి దగ్గరగా చూడాలి. అక్కడ నీలం ఉంది, లేత ఊదా ఉంది, వాటి మధ్య వెచ్చటి పసుపు ఛాయ కూడా ఉంది. తెల్లబట్టకు సొంత రంగు లేకపోవడంతో చుట్టూ ఏముంటే దాన్ని తీసుకుంటుంది. ఆకాశం వైపు తిరిగిన మడత నీలంగా, నేల వైపు తిరిగిన మడత వెచ్చగా కనిపించడానికి కారణం అదే. సార్జెంట్ ఆ రంగుల్ని పాలెట్ మీద కలిపి ఒకే బూడిదగా చేయకుండా, తడి కాగితం మీదే ఒకదాని పక్కన ఒకటి వదిలి అవి తామే కలిసేలా చేశాడని ఆ నీడల్ని చూస్తే నాకు అనిపిస్తుంది. నేనూ అలాగే అల్ట్రామెరైన్ అనే నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు రెండింటినీ విడివిడిగా కాగితం మీదే కలవనిస్తాను. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి చిన్న చిన్న చుక్కలుగా నిలుస్తాయి. నూలుబట్ట నీడకు ఆ గరుకుదనం ఎంతో అందాన్నిస్తుంది, సాటిన్‌కు మాత్రం అది బొత్తిగా పనికిరాదు.

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ 1886లో వేసిన ‘సొమ్మార్‌నోయె’ అనే నీటిరంగు చిత్రంలో ఆయన భార్య ఎమ్మా లేతరంగు దుస్తుల్లో పడవల రేవు మీద నిలబడి ఉంటుంది. ఆ దుస్తుల్లో నన్ను ఆకట్టుకునేది తెలుపు కంటే తెలుపు చుట్టూ ఉన్న నీటి బూడిదరంగు. బట్ట తెల్లగా ఉందని మనకు అనిపించడానికి దాని వెనుక ఉన్నది ఎంత ముదురుగా ఉండాలో జోర్న్ ముందే లెక్క కట్టుకున్నాడు.

మళ్ళీ ఆకుపచ్చ సాటిన్ దగ్గరికి వస్తాను. నేను చేసిన అసలు పొరపాటు మెరుపు రంగులో ఉంది. మెరిసే చోట్లలో అదే ఆకుపచ్చకు నీళ్ళు ఎక్కువ కలిపి లేత ఆకుపచ్చ వేశాను. కానీ సాటిన్ మీది మెరుపు బట్ట రంగు కాదు, అది కిటికీ రంగు. పోగు ఉపరితలం మీద నుంచే వెలుగు తిరిగి వచ్చేస్తుంది, లోపలి రంగులోకి దిగనే దిగదు. అందుకని ఆకుపచ్చ సాటిన్ మీద మెరుపు దాదాపు తెల్లగా, ఆకాశపు వెలుతురైతే కొంచెం నీలంగా ఉంటుంది. మరో సంగతి, రెండు మడతలు ఎదురెదురుగా ఉన్న లోతులో ఆకుపచ్చ మీద పడి తిరిగి వచ్చిన వెలుగు మళ్ళీ ఆకుపచ్చ మీదే పడుతుంది కాబట్టి రంగు అక్కడ ఇంకా చిక్కబడుతుంది. నేను ఆ లోతుల్ని నల్లరంగు కలిపి చంపేశాను. లోతు నీడ నలుపుగా ఉంటుందని అనుకోవడం వల్లే పట్టు వేసిన బొమ్మలు ఎన్నో మసిబారినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు నేను పాటించే క్రమం ఇది. పెన్సిల్‌తో మెరుపులకు మాత్రం చాలా సన్నగా హద్దు గీసుకుంటాను. మడతలన్నిటికీ కాదు, మెరుపులకే. మొదటి పొర లేత, వెచ్చటి ఆకుపచ్చ. మెరుపుల్ని పొడి కాగితంగానే వదిలి చుట్టూ పూస్తాను. ఆ పొర ఇంకా తడిగా ఉండగానే శుభ్రమైన, పిండిన కుంచెతో ప్రతి మెరుపుకూ ఒకవైపు అంచును మాత్రం తుడిచి కరిగిస్తాను. రెండోవైపు అంచును ముట్టుకోను. ఒకవైపు కరిగి ఒకవైపు తెగిన ఆ మెరుపు వల్ల బట్ట గుండ్రంగా తిరిగినట్టూ తెలుస్తుంది, నున్నగా ఉన్నట్టూ తెలుస్తుంది. పూర్తిగా ఆరాక రెండో పొరలో చిక్కటి ఆకుపచ్చను మడతల లోతుల్లోకి దించి, పై చివర పదునుగా, కింది చివర నీళ్ళతో మాయమయ్యేలా లాగుతాను. చివరగా, చాలా కొద్ది చోట్ల, థాలో గ్రీన్ అనే చిక్కటి ఆకుపచ్చలో క్వినాక్రిడోన్ ఎరుపు కలిపి వచ్చే దాదాపు నల్లటి రంగును పెద్ద మెరుపు పక్కనే, దాన్ని ఆనుకునేలా పెడతాను. ఆ ఒక్క స్పర్శతో గుడ్డ ఒక్కసారిగా నిగనిగలాడుతుంది. ఆ చివరి నలుపును ఎన్నిచోట్ల పెట్టాలో తెలుసుకోవడానికి చేతిని కట్టేసుకోవలసి వచ్చింది. నాలుగుచోట్ల బాగున్నది పదిచోట్ల పెడితే ప్లాస్టిక్ అవుతుంది. మెరుపుల్ని కాపాడడానికి మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందు పూసి, తరువాత ఊడదీసే జిగురు) వాడవచ్చు కానీ నేను వాడను, అది తీసేశాక మిగిలే అంచు రెండువైపులా ఒకేలా కోసినట్టుండి సాటిన్ మెరుపులోని సగం మెత్తదనాన్ని పోగొడుతుంది.

ముఖమల్ ఈ నియమాలన్నిటినీ తిరగేస్తుంది. ముఖమల్ మీద పొట్టి నూగు నిటారుగా నిలబడి ఉంటుంది. మనకు ఎదురుగా ఉన్న చోట మనం ఆ నూగు కొసల మధ్యలోకి చూస్తాం. వెలుగు ఆ సందుల్లోకి దిగి అక్కడే చిక్కుకుంటుంది. ఆకారం పక్కకు తిరిగిన చోట నూగు పక్కలు కనిపిస్తాయి, వాటి మీద వెలుగు అంటుకుంటుంది. అందువల్ల ముఖమల్ తొడిగిన చేతిలో మధ్యభాగం చీకటిగా, అంచులు వెలుగుగా ఉంటాయి. సాటిన్ తొడిగిన చేతిలో అయితే మధ్యలోనే మెరుపు ఉంటుంది. ఈ తారుమారును ఒక్కసారి కళ్ళతో పట్టుకుంటే ముఖమల్ సగం వచ్చేసినట్టే. నా మొదటి ముఖమల్ బొమ్మలో అలవాటు కొద్దీ మడత శిఖరం మీద తెలుపు వదిలేశాను, అది తోలు జాకెట్ అయింది.

ముఖమల్‌కు అంతా తడి మీద తడే. కాగితం నిగనిగ దశలో ఉండగా కుంచెలో రంగు చిక్కగా, పెరుగు అంత చిక్కగా తీసుకుని మధ్యభాగాల్లో దించి, అంచుల వైపు దాన్ని తనంతట తానే పలచబడనివ్వాలి. నీటిరంగు ఆరాక లేతబడుతుంది కనుక తడిగా ఉన్నప్పుడు కంటికి మరీ ముదురుగా ఉందనిపించేంత వేయాలి. ఆ ధైర్యం లేక పలచగా వేసి, తరువాత పొర మీద పొర వేసుకుంటూ పోతే నాలుగో పొరకు లోతు బదులు మందకొడితనం వస్తుంది. ఎర్ర ముఖమల్‌కు పూర్వం చిత్రకారులు ఎంతో ఇష్టపడిన అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకు వెలిసిపోతుంది, నేను దాని స్థానంలో క్వినాక్రిడోన్ రకాన్నే వాడుతున్నాను. నల్ల ముఖమల్‌కు ట్యూబులోని నలుపు కంటే అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపితే వచ్చే నలుపు నాకు ఇష్టం, ఎందుకంటే దానిలో ఒకచోట నీలం, మరోచోట గోధుమరంగు తొంగిచూస్తూ నూగులో ఏదో కదులుతున్నట్టుంటుంది. ఆరాక అంచు వెలుగు చాలలేదనిపిస్తే తడికుంచెతో రుద్ది రంగును లేపవచ్చు. థాలో వంటి రంగులు కాగితంలో ఇంకిపోయి లేవవు, అల్ట్రామెరైన్ సులువుగా లేస్తుంది. ఏ రంగు లేస్తుందో ముందే చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పలచటి మస్లిన్. అక్కడ ఆకారం మడతల వల్ల కంటే పొరల లెక్క వల్ల ఏర్పడుతుంది. ఒక పొర ఉన్న చోట వెనుక ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది, రెండు పొరలు ఉన్న చోట మసకబారుతుంది, అంచును మడిచి కుట్టిన చోట, కుచ్చిళ్ళు గుమిగూడిన చోట బట్ట దాదాపు తెల్లబడుతుంది. పైగా ఒంటికి ఆనిన చోట చర్మపు రంగు బట్టలోంచి వెచ్చగా కనిపిస్తుంది, ఒంటికి దూరంగా గాలిలో నిలిచిన చోట అదే బట్ట చల్లగా, మసకగా మారుతుంది. కాబట్టి నేను ముందు చేతిని బట్ట లేనట్టే వేసి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, ఆ తరువాత బట్టను వేస్తాను. ఆ పైపొరను ఒక్కసారే, వెడల్పాటి మెత్తటి కుంచెతో, వెనక్కి తిరగకుండా లాగాలి. రెండోసారి రుద్దితే కింది చర్మపు రంగు లేచి బట్టలో కలిసి మురికి అవుతుంది.

మొఘల్ చిత్రశాలల్లోని చిత్రకారులు ఈ విద్యలో చేరుకున్న సున్నితత్వాన్ని నేను మరెక్కడా చూడలేదు. వారివీ బంకతో కలిపిన నీటిరంగులే. మస్లిన్ జామా (పొడవాటి అంగీ) వేసుకున్న మనిషిని చిత్రించేటప్పుడు లోపలి పైజామా రంగు, ఒంటి ఛాయ బయటికి కనిపించేలా, వాటి మీద తెలుపును పొగమంచులా పలచగా పరిచి, అంచుల్లో, మడతల్లో మాత్రం దాన్ని చిక్కగా చేశారు. అరచేతి పొడవు కూడా లేని ఆ బొమ్మల్లో బట్ట బరువు తెలుస్తుంది.

నీటిరంగుల్లో తెల్లరంగు వాడడం తప్పనే అభిప్రాయం చాలామందికి ఉంది, దాని గురించి నా మనసులోని మాట చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దానికి ముందు ఆ భయానికి ఒక కారణం ఉండేది, సీసపు తెలుపు కాగితం మీద కాలక్రమాన నల్లబడేది. 1834లో జింక్‌తో తయారైన చైనీస్ వైట్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ ఫ్రెడరిక్ లూయిస్ 1841 నుంచి 1851 వరకు కైరోలో ఉండి, 1850లో లండన్‌లో ప్రదర్శించిన ‘ది హరీమ్’ అనే నీటిరంగు చిత్రంలో పట్టు, ముసుగులు, కుట్టుపని చేసిన అంచులు, జాలీ కిటికీ నుంచి వాటి మీద పడిన వెలుగు చుక్కలు అన్నిటినీ తెలుపు కలిపిన రంగుతో పోగు పోగుగా వేశాడు. అంత శ్రమ నాకు చేతకాదు, ఆ పద్ధతిలో కాగితపు ఊపిరి కొంత ఆగిపోతుందని కూడా అనిపిస్తుంది. కానీ ఆ ముసుగుల పలచదనాన్ని కాగితం వదిలే పద్ధతిలో ఎవరూ తేలేరు. పట్టు మెరుపుకు కాగితమే ఉండాలి, పలచటి ముసుగుకు పలచటి తెలుపు ఉండవచ్చు, ఇది నా నిర్ణయం. మెరుపు మీద ట్యూబు తెలుపు పెడితే అది సుద్దలా నిలిచిపోతుంది, చుట్టూ ఉన్న కాగితం తెలుపుతో ఎంత చేసినా కలవదు.

బుటాలూ లతలూ ఉన్న బట్టలో పొరపాటుకు ఎక్కువ చోటుంది. పూలన్నిటినీ చదునైన బట్ట మీద ఉన్నట్టు వేసి తరువాత నీడలు వేస్తే బట్ట గోడకు అంటించిన కాగితంలా ఉంటుంది. పువ్వు మడతలోకి దిగేటప్పుడు సగం మాయమై, అవతలి గట్టు మీద కొంచెం పక్కకు జరిగి తేలుతుంది; పక్కకు తిరిగిన చోట సన్నబడుతుంది. సార్జెంట్ దగ్గర మామిడిపిందెల అంచున్న కాశ్మీరు శాలువాలు ఉండేవి, మేనకోడళ్ళకు కప్పి వాటిని పదేపదే చిత్రించాడు. సుమారు 1911 నాటి ‘ది కాశ్మీర్ షాల్’ నీటిరంగు చిత్రంలో అంచును చూస్తే, దూరం నుంచి నిండుగా అల్లిన అంచులా ఉన్నది దగ్గరికి వెళ్తే కొన్ని కుంచె మరకలుగా విడిపోతుంది. అంచు ఏ వాలులో తిరిగిందో ఆ వాలులోనే మరకలు తిరిగాయి, అందుకే ఆ కొద్దిపాటితోనే కన్ను తృప్తిపడుతుంది. నా వరకు నేను డిజైన్‌ను ముందు, కాగితంలో ఇంకిపోయే రంగుతో ఒక్కో గీతలో వేసి, పూర్తిగా ఆరాక నీడ పొరను దాని మీదుగా ఒక్క లాగుతో దాటిస్తాను. అప్పుడు బట్టా పువ్వూ కలిసి నీడలోకి వెళ్తాయి.

జరీకి బంగారు రంగు ట్యూబు కొనకండి అని ఎవరడిగినా చెబుతాను. అది ఒక కోణంలో మెరిసి మిగతా అన్ని కోణాల్లో బురదరంగులో ఉంటుంది. మొఘల్ చిత్రకారులు నిజమైన బంగారాన్నే నూరి వాడారు, మెరుగుపెట్టి, సూదితో గుచ్చి తళుక్కుమనేలా కూడా చేశారు. కానీ ఆ బొమ్మల్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ చూసేవారు కనుక బంగారం అక్కడ అందగించింది. గోడకు తగిలించే బొమ్మలో జరీ అంటే ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు, దాని నీడలో బర్న్ట్ సియెన్నా, లోతులో దాదాపు చాక్లెట్ రంగు, వాటి మధ్యలో ఆవగింజంత తెల్లకాగితం, అంతే. ఆ ఆవగింజను వదలడం మరిచిపోతే, పూర్తిగా ఆరాక బ్లేడు కొసతో కాగితాన్ని చిన్నగా గీరవచ్చు. గీరిన చోట అంచు చెదిరి ఉంటుంది కాబట్టి సాటిన్ మెరుపుకు అది పనికిరాదు, జరీ తళుకుకు మాత్రం సరిగ్గా సరిపోతుంది.

కాగితం విషయంలో పెద్దగా చెప్పేది లేదు. పత్తితో చేసిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం ఇన్ని తడులకు తట్టుకుంటుంది, అంతకంటే పలచనిది ఉబ్బి గుంటలు పడి రంగు ఆ గుంటల్లో చేరుతుంది. సాటిన్‌కు నున్నటి కాగితం, నూలుకూ ఉన్నికీ గరుకుది, మిగతావాటికి రెండింటి మధ్యరకం.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న బొమ్మలో ముదురు నీలం ముఖమల్ పైవస్త్రం కిందనుంచి సాటిన్ చేయి బయటికి వస్తోంది. రెండూ కలిసే ఆ రెండంగుళాల గీత దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. ముఖమల్‌ను ముందు వేస్తే దాని తడి సాటిన్ తెలుపులోకి పాకుతుంది. సాటిన్‌ను ముందు వేస్తే తరువాత వచ్చే ముఖమల్‌కు అక్కడ గట్టి అంచు పడి నూగు చచ్చిపోతుంది. రెండు చిన్న కాగితాల మీద రెండు విధాలా వేసి చూశాక, సాటిన్‌నే ముందు పూర్తిచేసి, ఒక రోజు ఆరనిచ్చి, ముఖమల్ వైపు మాత్రమే గీతకు వెంట్రుకవాసి దూరం వరకు నీళ్ళు పూసి, నిగనిగ దశ రాగానే రంగు దించాలని నిర్ణయించుకున్నాను. ఆ వెంట్రుకవాసి పొడి కాగితం ముఖమల్ అంచున పట్టిన వెలుగుగా మిగిలిపోతుంది. సాటిన్ చేయి నిన్న పూర్తయింది, ఇవాళ వేలివెనుక ఆనించి చూస్తే చల్లదనం లేదు.